నల్ల అద్దం, వెండి కళ్లు

మా మామ పోయారన్న కబురు నాకు ఎల్లారెడ్డి బస్టాండులో తెలిసింది. అమ్మవారి జాతరకు తల్లిగారింటికి వచ్చి, తిరుగు బస్సు కోసం నిలబడి ఉన్నాను. చేతిలో ప్రసాదం మూట. కామారెడ్డి నుంచి వచ్చిన బస్సు ఆగీ ఆగకముందే కండక్టర్ నన్ను చూసి దిగాడు. మా వీధివాడే.

"అక్కా, ఈడనే ఉన్నవా? మీ ఫోటో సారు పొద్దుగాల పోయిండు. నిన్ను తోల్కరమ్మన్నరు. ఎక్కు, గీ బస్సే మళ్లుతది."

పక్కన తమలపాకులు అమ్ముకునే ఆవిడ కండక్టర్‌ను అడిగింది. "ఏ ఫోటో సారు? అమ్మవారి కండ్లు పోగొట్టినాయననా?"

ఆమెకు నేనెవరో తెలియదు. చెడ్డ మనసుతో అన్న మాటా కాదు. ఊళ్లో ఆయనకున్న పేరే అది. కామారెడ్డి నుంచి పిట్లం దాకా ఎన్ని పెళ్లిళ్లకు, ఎన్ని బారసాలలకు కెమెరా భుజాన వేసుకుని నడిచారో ఆయనకే లెక్క తెలియదు. చివరకు మిగిలిన పేరు మాత్రం ఇది. ఆ పేరు పెట్టింది మా తల్లిగారి ఊరు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మామ పేరు కోడలు పలకని ఇంట్లో పెరిగాను కనుక ఇక్కడా ఆయన పేరు రాయను. తెలిసినవాళ్లకు తెలుస్తుంది.

నేను కోడలిగా వచ్చేనాటికి ఇంటి ముందు గదే స్టూడియో. వంటింటి పక్కన కిటికీ మూసేసిన చిన్న చీకటి గది. అందులో ఫోటోలు కడిగేవారు. మా అత్తకు ఆ మందుల వాసన పడదు, గడప తొక్కేది కాదు. కడిగిన ఫోటోలు తీగ మీద ఆరేసే పని నాకు వచ్చింది. కొత్తలో చీరలు ఆరేసినట్టే ఆరేశాను. మామ నవ్వారు.

"అంచులు పట్టుకో బిడ్డా, ముఖాలు పట్టకు. ముఖానికి వేలు అంటితె మళ్ల పోదు."

ఆయన నాతో గొంతు పెంచి మాట్లాడిన రోజు లేదు. నాకూ పెద్ద గొంతు లేదు. ఇద్దరం మెల్లగా మాట్లాడుకుంటుంటే మా అత్త వంటింట్లోంచి, "ఏంది, ఇంట్ల దొంగలు పడ్డరా? గుసగుసలేంది?" అని ఎకసెక్కం చేసేది.

నల్ల అద్దం గురించి చెప్పాలి. నా పెళ్లికి ముందు నిజాంసాగర్ కట్ట మీద ఎవరో డాక్యుమెంటరీ తీయడానికి వచ్చారట. లైట్లు మోయడానికి, తెల్లగుడ్డ పట్టి వెలుతురు మళ్లించడానికి ఈ దిక్కు మనిషి కావాలంటే మామ వెళ్లారు. మిట్టమధ్యాహ్నం ఎండ నీళ్ల మీద పడి తెల్లగా మండుతోంది. కెమెరా పెద్దాయన లెన్సు ముందు నల్లటి గాజు ఉన్న ఒక చుట్టును బిగించి మెల్లగా తిప్పాడట. మామను పిలిచి చూడమన్నాడట. తిప్పుతుంటే నీళ్ల మీది తెలుపంతా చాప చుట్టినట్టు పక్కకు పోయి, అడుగున రాళ్లు, రాళ్ల మధ్య చేపలు కనపడ్డాయట.

"నీళ్లు ఎండిపోయినయేమో అనుకున్న బిడ్డా," అని చెప్పేవారు. ఎన్నిసార్లు చెప్పినా ఆ చోటికి వచ్చేసరికి ఆయన ముఖంలో అదే ఆశ్చర్యం.

దాన్ని పోలరైజింగ్ ఫిల్టర్ అంటారు. వాళ్లు వెళ్లిపోతూ, గీత పడ్డ చుట్టు ఒకటి మామకు ఇచ్చారు. లైట్ల ముందు పెట్టే అదే జాతి పలకలు రెండు, వేడికి అంచులు కమిలినవి, పారేయబోతుంటే మామ అడిగి తెచ్చుకున్నారు. ఇంట్లో మేమంతా దాన్ని నల్ల అద్దం అనేవాళ్లం. పలకలను పాత పట్టుచీరలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టేవారు. ఆ చీర మా అత్తది. అడగకుండా తీసుకున్నారని చాలాకాలం సాధించింది.

అది ఎట్లా పనిచేస్తుందని ఒకసారి అడిగాను. తల దువ్వుకుంటున్న మా అత్తను చూపించారు. "వెలుతురు చిక్కుపడ్డ జుట్టు లెక్క బిడ్డా. అన్ని దిక్కులకు ఉంటది. నీళ్ల మీదనో, గాజు మీదనో, నూనె మీదనో పడి మెరిసి వచ్చిందనుకో, అది దువ్వినట్టు ఒక్క దిక్కుకే వొరుగుతది. ఈ అద్దంల గుడ దువ్వెన పళ్లున్నయి. కంటికి కనపడవు. ఆ వెంట్రుకలకు అడ్డం తిప్పితె మెరుపు ఆగిపోతది. మనిషి ముఖం నుంచి వచ్చే మామూలు వెలుతురు సగం వచ్చినా, వస్తనే ఉంటది."

మా అత్త దువ్వెన ఆపి, "నా నెత్తి దొరికిందా నీకు?" అంది.

ఆ అద్దంతో ఆయన ఎక్కువగా చేసింది చనిపోయినవాళ్ల పని. మా దిక్కు ఇండ్లలో ఉన్న ఒక్క ఫోటోనూ అద్దం పటం కట్టి గోడకు పెడతారు. వానాకాలం చెమ్మకు ఫోటో పోయి అద్దానికి అతుక్కుంటుంది. ఊడదీస్తే ముఖం అద్దానికే ఉండిపోతుంది. కొన్ని ఇండ్లలో పెద్దల పటాన్ని గోడ నుంచి దించనే దించరు. ఇంకో ఫోటో కావాలంటే గోడ మీద ఉన్నదాన్ని అద్దం మీదుగానే తీయాలి. తలుపు తెరిస్తే వాకిలి మొత్తం ఆ అద్దంలో కనపడుతుంది, తలుపు మూస్తే చీకటి. అందరూ వదిలేసిన ఆ పటాలు మామ తీసేవారు. పటానికి ఎదురుగా కాకుండా ఓరగా నిలబడి చుట్టు తిప్పేవారు. ఓరగా తీస్తే చట్రం ఒకవైపు పెద్దగా, ఒకవైపు చిన్నగా పడుతుంది. చీకటి గదిలో కాగితాన్ని వాల్చి దాన్ని మళ్లీ సరిచేసేవారు.

"ఎదురుంగ నిలబడితె మెరుపే కనపడ్తది. జర పక్కకు జరిగితె మనిషి కనపడ్తడు." ఆ పని గురించే అన్న మాట అది. నేను మాత్రం చాలా చోట్ల వాడుకున్నాను.

రామారెడ్డిలో ఒక ముసలమ్మ ఇంట్లో పటం తీసి వచ్చిన రోజు అన్నం తింటూ చెప్పారు. ఆమె కొడుకు చిన్న వయసులో పోయాడట. పటం వాకిలికి ఎదురుగా ఉంది. మామ చుట్టు తిప్పి, వాకిలి మెరుపు పోయాక, "అవ్వా, ఇటు రా, సూడు," అని పిలిచారట. ఆమె కెమెరాకు కన్ను ఆనించి ఎంతసేపటికీ తీయలేదట.

"ఏందవ్వా?" అంటే, "వీడు గింత నవ్వుతుండెనా బాపూ," అన్నదట.

చెప్పి మామ కలిపిన ముద్ద అట్లాగే పట్టుకుని కూర్చున్నారు. మా అత్త మజ్జిగ పోసింది.

సినిమాకు తీసుకుపోయినా ఆయన చూసేది కథ కాదు. అద్దాల బీరువా ముందు హీరోయిన్ నిలబడి ఏడుస్తుంటే, "చూసినవా, బీరువాల లైటు కనపడ్తలేదు. లైటుకు పలక పెట్టిండ్రు, లెన్సుకు అడ్డం తిప్పిండ్రు," అని గుసగుసలాడేవారు. ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూసేవాళ్లు.

ఇక ఆ జాతర సంగతి. డెబ్బైల చివర. అప్పుడు నాకు ముప్పై నిండలేదు.

మా తల్లిగారి వాడలో అమ్మవారిది నల్లరాయి విగ్రహం. తరతరాలుగా నువ్వుల నూనె తాగి తాగి అద్దంలా ఉంటుంది. ఎవరు ఫోటో తీసినా నుదుటి నుంచి గదవ దాకా తెల్లటి మచ్చలు తప్ప ముఖం పడేది కాదు. జాతరకు ఇంటింటికీ అమ్మవారి పటం పంచాలని గుడిపెద్దలు అనుకున్నారు. అప్పటికి గుడిపెద్ద మా పెద్దనాయిన కొడుకు, నాకు అన్న. మా ఇంటికి వచ్చి మామతో తానే అన్నాడు. "మీ కోడలు మా ఆడపిల్ల. మీరు గాక ఎవరు తీస్తరు?"

మామ సంతోషం నేను చూశాను. పలకలకు వెదురు చట్రాలు కట్టుకున్నారు, బల్బు వేడి తగలకుండా ఇంత దూరంలో పెట్టాలని తీగ కొలుచుకున్నారు. రాతి మెరుపు, నూనె మెరుపు రెండూ పోవాలంటే చుట్టు ఒక్కటి చాలదని, లైట్లకూ పలకలు పెట్టి లెన్సు మీది చుట్టును వాటికి అడ్డంగా తిప్పాలని రోజూ నాకు చెప్పేవారు. ఆ వారమంతా మాంసం ముట్టలేదు.

మా అమ్మవారికి ఒక పద్ధతి ఉంది. జాతర ముందు రోజు సాయంత్రం వెండి కళ్లు తీసి నూనె స్నానం చేయిస్తారు. మర్నాడు పొద్దున మైనంతో కళ్లు మళ్లీ పెడతారు. అమ్మ మొదటి చూపు మనిషి మీద పడరాదు. కళ్లు పెట్టేటప్పుడు పూజారి తప్ప అందరూ తల వంచాలి, కొబ్బరికాయ కొట్టి గంట మోగించే దాకా ఎత్తరాదు.

ముందు రోజు సాయంత్రం, కళ్లు లేని విగ్రహం ముందు మామ లైట్లు నిలబెట్టారు. చుట్టు తిప్పి తిప్పి ఒక చోట ఆపారు. "బిడ్డా, జర చూడు," అన్నారు.

చూశాను. చిన్నప్పటి నుంచి నేను ఆ గుడిలో చూసింది నూనె మెరుపు అని అప్పుడు తెలిసింది. ముఖం అదే మొదటిసారి. కింది పెదవి దగ్గర సన్నటి గీత ఉంది. ఎడమ ముక్కుపుటం కొంచెం చిట్లింది. మాట అనబోయి ఆగినట్టున్న నోరు. నేను కెమెరా దగ్గరే చేతులు జోడించాను.

మామ మా అన్నతో అన్నారు. "రేపు కండ్లు పెట్టినంక ఒక్కసారి ఇందుల చూసి సరిజేసుకుంట. కండ్లు వెండియి గద, ఎట్ల పడ్తయో చూడాలె."

మా అన్న ఒప్పుకోలేదు. "అమ్మ కండ్లు తెరిచే యాల్లకు కెమెరాల కన్ను పెడ్తవా? మేము కోరేదే మొదటి చూపు. గా చూపే ఫోటోల పడాలె, గదే ఇంటింటికి పోవాలె. నువ్వు గుడ తల వంచాలె. చూసేటందుకు నీ మిషన్ ఉన్నది గద."

"చూడకుంట తీసుడెట్ల?"

"తీసేది అమ్మ. నువ్వు ఒత్తుడే."

చుట్టూ ఉన్నవాళ్లు బాగుందని తలలూపారు. మామ, "ఊరి కట్టు ఊరి కట్టే," అన్నారు. ఆయనా మొక్కే మనిషే. మర్నాడు పొద్దున తల వంచి, చేతిలో కెమెరా నొక్కే తీగ పట్టుకుని, కళ్లు మూసుకునే నొక్కారు. నేను ఆడవాళ్ల మధ్య తల వంచి ఉన్నాను. ఆ చిన్న చప్పుడు విన్నాను.

కామారెడ్డికి వచ్చి చీకటి గదిలో కడిగారు. ఆరేయడానికి నన్ను పిలవలేదు. చాలాసేపటికి నేనే వెళ్లాను. తడి ఫోటో పళ్లెంలో ఉంది, మామ స్టూలు మీద ఉన్నారు. అమ్మవారి ముఖం ముందు రోజు నేను చూసినట్టే ఉంది. పెదవి గీత, చిట్లిన ముక్కుపుటం, అన్నీ. కళ్లున్న చోట రెండు నల్లటి గుంటలు.

"వెండి సంగతి మరిచిన బిడ్డా," అన్నారు. "రాయి, నూనె వేరు. వెండి వేరు. పలకల నుంచి వెలుతురు ఎట్ల దువ్వి పంపితె వెండి అట్లనే తిరిగి పంపుతది, చిక్కు చేయదు. లెన్సు మీద అడ్డం ఉన్న అద్దం దాన్ని మొత్తం ఆపింది. చూసి ఉంటె ఇసుమంత తిప్పేటోణ్ణి, కండ్లు వచ్చేటియి. చూడలేదు గద."

మా అత్త మొదటిసారి ఆ గడప మీద నిలబడింది. "రెండు తెల్ల చుక్కలు పెట్టరాదా? చచ్చినోళ్లకే కండ్లు గీస్తివి."

నిజమే. కళ్లు మూసుకుని పడిన పెళ్లికొడుకులకు, పాడె మీద తీసిన ఫోటోలకు సన్నటి కుంచెతో కళ్లు గీయడం ఆ రోజుల్లో ఫోటో పనిలో భాగం. మామ గీస్తే గీసినట్టు తెలియదు.

"మనుషులకు గీస్త. అమ్మకు నేను కండ్లు పెట్టుడేంది? మొక్కేటోళ్లు దేనికి మొక్కుతరు, నా కుంచెకా?"

ఆ ఫోటోను ఉన్నదున్నట్టు పట్టుకుని ఎల్లారెడ్డికి వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. గుడి ముందర అరుగు మీద పెద్దలంతా ఉన్నారు. మామ కవరు తీసి చూపించి, "ఇది నా తప్పు. అమ్మకు ఏం కాలే. ఇంకొక్కసారి తీయనీయుండ్రి," అన్నారు.

ఫోటో చేతులు మారింది. ఎవరో ఆడామె శోకం మొదలుపెట్టింది. ఆ ఏడు వాన వెనకబడింది, పశువులకు గాళ్ల రోగం తగిలింది. వాటికి కారణం ఏమిటా అని ఊరు ఎదురుచూస్తూనే ఉంది. కారణం ఇప్పుడు కాగితం మీద అచ్చుపడి వచ్చింది. అమ్మ కండ్లు మూసుకుందన్నారు, నల్ల అద్దం పెట్టి చూపు పీల్చిండన్నారు. ఒకాయన, "గీన కెమెరకు కండ్లు కనపడవు," అన్నాడు. నవ్వులు. అందరూ మా అన్న వైపు చూశారు. చూడొద్దన్నది తానే అని ఒక్క మాట అంటే చాలు.

మా అన్న కండువా సరిచేసుకుని అన్నాడు. "ఆయన ఏందేందో అద్దాలు పెట్టిండు. అమ్మకు నచ్చలే. శుద్ధి చేపిద్దాం. మళ్ల కెమెర గుళ్లెకు వద్దు."

మామ చేయి చాపారు. ఫోటో తిరిగి తీసుకుని, ధూళి దులిపి, కవరులో పెట్టుకున్నారు.

పక్కకు పిలిచి మా అన్నను నేనే అడిగాను. "అన్నా, చూడొద్దన్నది నువ్వే గద."

"నువ్విప్పుడు అటు ఇంటిదానివి చెల్లె. గట్లనే మాట్లాడ్తవు," అన్నాడు.

తిరుగు బస్సులో మామను అడిగాను, అన్న చూడొద్దన్న సంగతి ఎందుకు చెప్పలేదని. కిటికీ బయటకు చూస్తూ అన్నారు. "ఏమని చెప్పాలె? మీ అన్న అబద్ధమాడుతున్నడని నలుగుర్ల అంటె, నువ్వు మళ్ల ఆ గడప తొక్కుతవా? ఆడపిల్లకు తల్లిగారిల్లు ఉండాలె. నాదేముంది, ఫోటోనే గద."

ఫోటోతో పోలేదు. అటు ఊళ్లవాళ్లు రావడం మానేశారు. మరుసటి ఎండాకాలం ఒక పెళ్లికి, ముందు మాటిచ్చి పిలిచినవాళ్లే, పందిట్లోకి రాకముందే పెళ్లికూతురు తల్లి ఎదురొచ్చి, "వద్దు సారూ, మా పిల్ల కండ్లు ఏమన్న అయితె," అన్నదట. ఆ సంగతి మాకు ఆర్నెల్లకు వేరేవాళ్లు చెబితే తెలిసింది. ఆ రోజు మామ పెందరాళే ఇంటికి వచ్చి, "ఇయ్యాల లగ్గం జల్ది అయిపోయింది," అని మా అత్తతో చెప్పి, కెమెరా సంచి గోడకు తగిలించి, పెరట్లో బెండ మొక్కలకు నీళ్లు పోశారు. మా ఆయన ఆ పని పట్టలేదు, బీడీల కార్ఖానాలో గుమాస్తాగా చేరారు. రంగుల ఫోటోల కాలం వచ్చేసరికి ముందు గదిలో మా వడ్ల బస్తాలు ఉన్నాయి. అద్దం పటాల పని మాత్రం అడపాదడపా వచ్చేది.

"సచ్చినోళ్లు నన్ను ఇడిసిపెట్టలే బిడ్డా. వాండ్లకు ఇంక భయమేముంది?" అని నవ్వేవారు.

ఊరు వద్దన్న ఆ ఫోటోను మామ స్వయంగా పటం కట్టి మా దేవుని గదిలో పెట్టారు. నాకు ఒక్కటే అర్థమయ్యేది కాదు. జీవితమంతా అద్దం మెరుపును తిట్టిన మనిషి, ఆ పటానికి ఏరి ఏరి మందపాటి అద్దం వేయించారు. రోజూ తడిగుడ్డతో, పొడిగుడ్డతో తుడిచేవారు. పటం ముందు చెక్క బల్ల మీద ఎర్ర రంగుతో రెండు చుక్కలు పెట్టి, రెండు చిన్న ఇత్తడి దీపాలు ఆ చుక్కల మీదే ఉండాలన్నారు. నేను తోమి పెట్టినప్పుడు కొంచెం జరిగితే, ఏ విషయానికీ విసుక్కోని ఆయన, "అటు జరిపినవు బిడ్డా. వత్తి గుడ ఎక్కువ లాగకు," అనేవారు. ముసలితనపు చాదస్తం అనుకున్నాను. పొద్దున ఆయన పీట మీద కూర్చుని పూజ చేసుకునేవారు. నేను గడప దగ్గర నిలబడి దండం పెట్టుకునేదాన్ని. మామ కూర్చునే పీట మీద కోడలు కూర్చోదు. ఇన్నేళ్లూ నిలబడే మొక్కాను, ఆ నల్లటి గుంటలకే మొక్కాను. నాకు అమ్మ అమ్మే.

ఏటా జాతరకు నన్ను మాత్రం పంపేవారు. "పో బిడ్డా, చీర పెడ్తరు, ఒడి నింపుతరు." నేను పసుపు కుంకుమలతో తిరిగి వస్తే అందులో చిటికెడు తీసుకుని కళ్లకు అద్దుకునేవారు. ఈసారి వచ్చేసరికి వాకిట్లో ఉన్నారు. మూటలోని కుంకుమ ఎవరికి ఇవ్వను?

దహనానికి ఎల్లారెడ్డి నుంచి మా తల్లిగారివాళ్లు జీపులో వచ్చారు. పెద్ద దండ తెచ్చారు. మా అన్న నలుగురిలో, "గసుంటి పనిమంతుడు ఈ తాలూకాల లేడు," అన్నాడు. ఎవరో కొత్త స్టూడియో వాళ్లను పిలిపించారు. తల దగ్గర నిలబెట్టిన మామ పటానికి ఎదురుగా నిలబడి ఫ్లాష్ కొట్టారు. ఆ ఫోటోలు తర్వాత చూశాను. దండ వేసిన చట్రం, లోపల తెల్లటి గుండ్రం. ముఖం లేదు.

వెళ్లేముందు మా అన్న నా దగ్గరికి వచ్చాడు. గుడి కొత్తగా కట్టినప్పుడు అమ్మవారి ముఖానికి రంగులు పూయించారు. ఈమధ్య ఆ రంగు గీకి తీయిస్తుంటే ముక్కు, పెదవి చెడిపోయాయి. సరిచేయడానికి పిలిచిన శిల్పి, పాత ముఖం ఎట్లా ఉండేదో చూపమన్నాడట. ఉన్న ఫోటోలన్నిట్లో మెరుపే.

"మీ మామ తీసినది ఇంట్ల ఉన్నది గద చెల్లె. గది జర ఇయ్యి."

పాడె ఇంకా వాకిట్లోనే ఉంది. "మైల అన్నా. దేవుని పటం ముట్టరాదు. పదకొండో దినం రా," అన్నాను.

పదకొండో రోజు పొద్దున ఇల్లు కడిగి, తలస్నానం చేసి, దేవుని గది తెరిచాను. అన్ని రోజులు దీపం లేదు. అత్త ఎప్పుడో పోయింది, ఆయనా పోయారు, ఇక పూజ నాదే. దీపాలు ఎర్ర చుక్కల మీద పెట్టాను. వత్తి ఎక్కువ లాగలేదు. వెలిగించి, ఆయన పీట మీద మొదటిసారి కూర్చుని తల ఎత్తాను.

రెండు దీపాలు ఆ మందపాటి అద్దంలో పడి, అమ్మవారి కళ్లలో ఉన్నాయి. ఒక్కో గుంటలో ఒక్కో జ్యోతి, కచ్చితంగా ఆ చోటనే. కుంచెతో గీయనన్న మనిషి, ఎవరికీ చెప్పకుండా, తాను జీవితమంతా తరిమిన మెరుపుతోనే అమ్మకు చూపు తెచ్చిపెట్టుకున్నారు. ఇరవై ఏళ్లు రోజూ పొద్దున ఆ చూపు ముందు కూర్చున్నారు. ఊరేమో ఆయనను కళ్లు పోగొట్టినవాడు అంటూనే ఉంది.

మధ్యాహ్నం మా అన్న వచ్చాడు. తెల్లటి బట్టలు, వేలికి కొత్త ఉంగరం. దేవుని గది గడప దాకా తీసుకుపోయాను. నిలబడి చూశాడు. "గవే నల్ల కండ్లు," అన్నాడు మెల్లగా.

"నిలబడితె గట్లనే కనపడ్తయి అన్నా. మా మామ పీట అది. కూసో, కూసోని చూడు."

"మోకాళ్లు వంగవు చెల్లె. నువ్వే దించియ్యి, తొందరగున్నది."

"దించేది కాదు. ఒక్కసారి కూసో."

పీట వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఇందాక మా వాకిట్లో బంతి భోజనాల దగ్గర పీట మీద కూర్చుని తిన్న మోకాళ్లే అవి. వాకిట్లో జీపు హారన్ మోగింది. "మళ్లొస్త," అని చెప్పులు వేసుకున్నాడు.

ఇంకా రాలేదు. నేను అమ్మవారి ముఖాన్ని దాచుకునే మనిషిని కాను. శిల్పి వస్తే చాప వేసి ఎంతసేపైనా చూడనిస్తాను. మా అన్న వచ్చినా సరే, తమలపాకుల ఆవిడ వచ్చినా సరే. పీట అక్కడే ఉంటుంది. కూర్చోవాలి, అంతే.

నిన్న సాయంత్రం దీపాలు పెట్టి కూర్చున్నాను. వడ్ల బస్తాలున్న ముందు గది తలుపు ఎవరో తెరిచినట్టున్నారు, గాలి వచ్చింది. అమ్మవారి కళ్లు రెండూ ఒక్కసారి వాలి, మళ్లీ తెరుచుకున్నాయి.